ఈరమ్మవ్వ చంపిన చుట్టాలు

అనంతపురంలో మా వీధికి సాయంత్రం పూట పీచుమిఠాయి అమ్మే మనిషి వస్తాడు. నోటితో అరవడు, చేతిలోని ఇత్తడి గంట కొడతాడు. బరువైన గంట, దాని మోత వీధి చివరి దాకా పోతుంది. అది వినగానే పిల్లలకు నోరూరుతుంది. నాకు మాత్రం గుండె ఒక్కసారి జారి, మళ్లీ కుదుటపడుతుంది. ఇరవై ఏళ్లు దాటినా ఇంతే. ఒక సోమవారం పొద్దున అలాంటి గంటే దగ్గరవుతుంటే, నా అతితెలివి వల్ల ఒక ముసలామె పరువు వీధిన పడబోతోందని వణికిపోయాను. ఆమె పేరు ఈరమ్మ. నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె పోయి చాలాకాలమైంది. ఆ గంట వినపడ్డ రోజు మాత్రం ఆమె మా వంటింట్లోకి వచ్చి, నన్ను ఒక మాట తిట్టి పోయినట్టే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుమ్మఘట్టకు కొన్ని మైళ్ల అవతల ఒక కొట్టాలలో నాకు విద్యా వలంటీరుగా పని దొరికింది. మాది కొత్తచెరువు. కొట్టాలంటే ముప్పై ఇళ్లు, ఒక బావి, ఒక గది బడి. తక్కినదంతా రాయి, రాళ్ల మధ్య చేలు. మనుషులు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాళ్లు. ఈరమ్మవ్వ ఇంటి ముందుగదిలో నన్ను ఉంచారు. ఆ ఏడు కూడా వానలు లేవు. రోజుకు ఒక్క బిందె నీళ్లతో స్నానం, గుడ్డలు, గిన్నెలు అన్నీ. వారం తిరక్కుండానే నేను పెట్టె సర్దుకున్నాను. ఆమె గడపలో కూర్చుని చూస్తూ ఉంది, ఆపలేదు. "పోతాండావా? పో. అయితే ఆ పిలకాయలకు నువ్వే చెప్పి పో. నాకాడికొచ్చి టీచరమ్మ యాడికి పాయ అంటే చెప్పేకి నాకు నోరు రాదు," అంది. నేను బడి దాకా వెళ్లాను. ఇరవై రెండు మంది పలకలు పట్టుకుని కూర్చున్నారు. చెప్పడం నావల్ల కాలేదు. తిరిగొచ్చి పెట్టె విప్పాను. ఆమె దాని గురించి మళ్లీ ఎత్తనే లేదు.

విత్తనపు శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆ ఊరి పుట్టుక నాకు తెలిసింది. సాయంత్రం ఆడవాళ్లంతా చేరి కాయలు ఒలుస్తుంటే, నేను గోళ్లు నొప్పి పుడుతున్నా అవ్వ పక్కనే కూర్చునేదాన్ని. ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు, కన్నడ సీమ నుంచి భర్త బోరన్నతో, చంకన బిడ్డతో నడిచి వచ్చిందట. వెంట పదకొండు గొర్రెలు, రాళ్లు పెకలించడానికి ఒక గడారి, ఒక ఇత్తడి చెంబు. అప్పుడు అక్కడ ఇల్లన్నదే లేదు. మూడు కర్రలు పాతి, వాటికి గంప వేలాడదీసి, అందులో బిడ్డను పడుకోబెట్టి రాళ్లు ఏరేదట. ఏరిన రాళ్లే గట్టు, గట్టు వెనక నిలిచిన మట్టే చేను. బావికి మూడేళ్లు పట్టింది. బోరన్న లోపల తవ్వితే ఆమె తట్టలు పైకి లాగింది. "నీళ్లు పడిన పొద్దు ఆయప్ప లోపల్నుంచి అరిచినాడు. నేను రాయి పడిందేమో, మనిషి పాయనేమో అనుకుంటి. తొంగి చూస్తే మోకాటిమంటి నీళ్లలో ఎగరతాండాడు," అని చెప్పి నవ్వేది. నీళ్లున్నాయని తెలిశాక ఒక్కొక్క ఇల్లే వచ్చి చేరింది. పెద్ద కొడుకు తిమ్మన్న ఆ గంపలో పెరిగినవాడు. చిన్నవాడు హనుమన్న అక్కడే పుట్టాడు. బోరన్న పోయి అప్పటికే ఇరవై ఏళ్లు. కొడుకులిద్దరూ ఆ ఏడు వేరు పడాలని అనుకుంటున్నారు, పోట్లాట లేకుండానే.

ఆ సీమలో హెళవప్పలు ఉంటారు. ఎద్దును తోలుకుని, గంట మోగించుకుంటూ నాలుగైదేళ్లకొకసారి ఇంటికి వస్తారు. ఇంటి ముందర కంబళి పరుచుకుని కూర్చుని, ఆ ఇంటి వంశాన్ని పుస్తకం చూసి గట్టిగా పాడతారు. ఎవరికి ఎవరు పుట్టారో, ఎక్కడి నుంచి వచ్చారో అందరికీ వినబడేలా చదువుతారు. ఆ పుస్తకంలో ఉన్నదే మాట, పంపకాల్లోనైనా, పెళ్లిళ్లలోనైనా. ఇంట్లో మైల ఉంటే మాత్రం పుస్తకం విప్పరు. ధాన్యం తీసుకుని వెళ్లిపోతారు. ఈరమ్మవ్వ ఇంటికి హెళవప్ప వచ్చిన ప్రతిసారీ మైలేనట. "మాయమ్మ తరపు చుట్టాలు ఆ గంట ఇంటేనే చస్తారు టీచరమ్మా," అని హనుమన్న పడీ పడీ నవ్వాడు. ఒకసారి చిన్నాయన, ఒకసారి మేనత్త, ఒకసారి ఎవరో పెదనాయన. ముసలామె పిసినారితనమని, పుస్తకం విప్పితే దూడను ఇవ్వాల్సి వస్తుందని ఇలా చేస్తోందని కొడుకులు అనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పటికి నాకు చదువుకున్న పొగరు బాగా ఉండేది. ఆ ఊరి చరిత్ర రాసి పిల్లలచేత చదివించాలని నా ఊహ. గుమ్మఘట్ట సంతలో ఎద్దుతో నిలబడ్డ హెళవప్ప కనబడగానే నేనే వెళ్లి ఈరమ్మవ్వ ఇంటికి రమ్మన్నాను. "ఆ ఇంట్ల మైల కదమ్మా ఎప్పుడూ," అన్నాడాయన నవ్వుతూ. "ఏ మైలా లేదు. అందరూ గుండ్రాయిలా ఉన్నారు. మీరు రండి," అన్నాను. సోమవారం పొద్దున వస్తానన్నాడు. దారిలో హనుమన్నకు చెప్పాను. అతను సంబరపడి, పంపకాల ముందు పెద్దల పేర్లు వినడం మంచిదని, తన మామగారి వాళ్లకూ కబురు పెట్టాడు. ఇంటికొచ్చి, గొప్ప పని చేసినట్టు అవ్వకు చెప్పాను. ఆమె రొట్టె తడుతోంది. చేయి ఆగిపోయింది. రొట్టె పెనం మీద మాడుతున్నా తీయలేదు.

"ఏం చేసినావు పాపా," అంది చివరికి. తలుపు దగ్గరికి వేసి, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పింది. బోరన్న ఆమె రెండో భర్త. మొదటి మనిషి రోగమొచ్చి పోయేటప్పటికి తిమ్మన్నకు ఆరు నెలలు. ఆమె మారుమనువు చేసుకుంటానంటే అత్తింటివాళ్లు సరేనన్నారు కానీ, బిడ్డను ఇవ్వమన్నారు. "వాడు మా ఇంటోడు, ఈడ వదిలి పో అన్నారు. నేను ఎట్ల వదల్దును? తెల్లారకముందే సంకనేసుకోని వచ్చేస్తి. ఊరి బయట ఆయప్ప నిలబడుకోనుండె. బిడ్డను చూసి ఒక్క మాట అనలే. నా సంకలోంచి తీసి భుజాన ఏసుకున్నాడు. నడిచినాడు." కొట్టాలకు మొదట వచ్చింది వాళ్లే కాబట్టి, తర్వాత వచ్చినవాళ్లంతా ఆ బిడ్డ బోరన్న కొడుకనే అనుకున్నారు. కానీ హెళవప్పలకు తెలియనిది ఉండదని ఆమె నమ్మకం. పుస్తకం తెరిస్తే తిమ్మన్న ఆ ఇంటి పేరులో ఉండడు. రాళ్లేరి చేను చేసినవాడు, యాభై ఏళ్లు దాటాక, తమ్ముడి మామగారి ముందు పరాయివాడవుతాడు. తండ్రికి కొరివి పెట్టింది కూడా తప్పే అంటారు. "వాడు నా ముఖం చూస్తాడా పాపా?" అని అడిగింది. ఆమె చంపిన చుట్టాలందరూ ఆ ఒక్క కొడుకు కోసం చచ్చారని అప్పుడు తెలిసింది. నాకు నా మీద అసహ్యం వేసింది. ఏడుస్తూ, మా మేనమామ పోయాడని చెబుతానన్నాను. ఆమె అంత బాధలోనూ విసుక్కుంది: "మీ మామ చస్తే మాకేం మైల? అందరూ బాగుండారని నువ్వే చెప్పొస్తివి, ఇంగ నా చుట్టాలు చస్తే ఎవురు నమ్ముతారు? పోయి మొగం కడుక్కో."

సోమవారం గంట వినబడింది. కంబళి పరిచారు, దీపం పెట్టారు, చాటలో కొర్రలు పోశారు. హెళవప్ప పుస్తకం మీద చేయి వేసి, "ఏమవ్వా, ఈసారి ఎవురు పోయినారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన రాగం ఎత్తుకున్నాడు. ఏవో కన్నడ ఊళ్ల పేర్లు, తాతల పేర్లు వరసగా వచ్చాయి. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. బోరన్న పేరు వచ్చింది. "బోరన్నకు భార్య ఈరమ్మ. కొడుకులు ఇద్దరు. పెద్దోడు తిమ్మన్న, చిన్నోడు హనుమన్న." అని చదివి, తిమ్మన్న పిల్లల పేర్లు అడగడానికి కలం తీశాడు. అంతే. ఎవరికీ అందులో వింత ఏమీ కనబడలేదు. అవ్వ గోడకు చేరబడి మెల్లగా కూర్చుండిపోయింది.

"ఈ రాత మా నాయనది," అన్నాడు హెళవప్ప పేజీ అందరికీ చూపిస్తూ. "మేము వచ్చి రాసేదాకా ఎవురైనా ఆగతారు. బోరన్న ఆగలేదంట. మొదటి పంట కొర్రలు మూట గట్టుకోని రెండు దినాలు నడిచి మా ఊరికొచ్చి, 'నాకు కొడుకుండాడు, పేరు తిమ్మన్న, రాయప్పా' అన్నాడంట. మీ ఊరికి వచ్చినప్పుడు రాస్తాలే పో అంటే, రాసేదాకా లెయ్యనని మా వాకిట్ల కూసున్నాడంట. మా నాయన శానా తూర్లు చెప్పేటోడు." కొడుకులు తండ్రి తొందరకు నవ్వారు. చిన్న కొడుకు పేరు సంతలో కనబడినప్పుడు చెప్పి రాయించాడట, దాని కోసం అలా నడవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అవ్వ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. భర్త గుర్తొచ్చాడని అందరూ ఊరుకున్నారు. "ఇంగొకతూరి చదువప్పా," అంది. చదివాడు. ఇంకోసారి అంది. మూడోసారి చదివాక లేచి, తానే దూడ తాడు విప్పి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె చచ్చిపోయిన భర్తను తిట్టింది. "ముప్పై ఏండ్లు కాపురం చేసినాడు. రాపిచ్చినా, బయపడాకు అని ఒక్క మాట చెప్పలే సూడు! మూగోడు!" అంటూ అంట్లు తోముతూ తిట్టింది, మధ్యలో నవ్వింది. నువ్వు అడిగావా అవ్వా అంటే, అడగలేదంది. ఇద్దరూ ఒకరికొకరు బాధ కలుగుతుందని ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు దాచాల్సిన పని లేదనుకుందేమో, గొర్రెల దొడ్డిలో తిమ్మన్నను నిలబెట్టి ఉన్నదంతా చెప్పేసింది. నేను తొట్టి దగ్గర ఉన్నాను, కదలడానికి ధైర్యం చాలలేదు. తిమ్మన్న చేతిలోని బిందె కింద పెట్టాడు. "నాయనే పోయి రాపిచ్చినాడు కదా?" అని అడిగాడు. "నడిచి పోయి రాపిచ్చినాడు." "ఇంగేముండాది మరి? జరుగుమా, గొర్రెలు దప్పికయి అరస్తాండాయి," అని బిందె ఎత్తాడు. మరుసటి వారం పంపకాలు జరిగాయి. పెద్దవాడి భాగం పెద్దవాడికే వచ్చింది. ఊరి చరిత్ర మాత్రం నేను రాయలేదు.

ఇప్పుడు నేను అనంతపురంలోనే ఒక బడిలో పని చేస్తున్నాను. జూన్‌లో పిల్లల పేర్లు రాసుకునే బల్ల నాదే. మొన్న ఒకామె ఆరేళ్ల పాపను తీసుకొచ్చింది. తండ్రి పేరు అడిగాను. ఆమె నోరు తెరిచి, మూసి, తల దించుకుంది. వెనక నిలబడ్డ మనిషి, ఇటుక బట్టీ నుంచి నేరుగా వచ్చాడేమో, చేతుల నిండా ఎర్రమట్టి. ముందుకు జరిగి, "నా పేరు రాయి మేడం," అన్నాడు. పాప అతని వేలు పట్టుకుని ఉంది. ఆయన పేరు అడిగాను, చెప్పాడు. ఇంకొక్క ప్రశ్న కూడా వేయలేదు. రాసి, పుస్తకం వాళ్ల వైపు తిప్పి, ఆ తల్లికి వినబడేలా గట్టిగా చదివాను.