చెయ్యి పెడితే జ్వరం

మూడో తరగతి టీచరమ్మకి వీధిలో తల్లులు పెట్టిన పేరు థర్మామీటర్. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడ్డా కోపం తెచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసింది కూడా. చేతకాని వాళ్ళకి పేర్లెవరు పెడతారు?

ఆమెకి చేతనైనదేమిటో చెప్పాలి. ఏటా మూడో తరగతి పిల్లలకి దేశమంతటా ఒకే రోజున జాతీయ పరీక్ష పెడతారు. కొంచెం చదవడం, కొన్ని లెక్కలు. పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడని పిల్లలకి అంత పరీక్ష ఎందుకని అడక్కండి. పరీక్ష పిల్లలకి కాదు, బడికి. పిల్లల మార్కుల సగటును బట్టి బడికి గ్రేడు, గ్రేడును బట్టి హెడ్మాస్టరు గారి పరువు. అందుకని పరీక్షలు దగ్గర పడగానే టీచరమ్మ క్లాసుని మూడు వరసలు చేసేది. ముందు వరసకి చెప్పక్కర్లేదు, వాళ్ళకే వచ్చు. నడిమి వరస వాళ్ళు కాస్త తోస్తే గట్టెక్కుతారు కనక ఆమె గొంతు చించుకునేదంతా వాళ్ళ కోసమే. వెనక వరసకి రంగు పెన్సిళ్ళిచ్చి బొమ్మలేసుకోమనేది. వాళ్ళకి చదువు చెప్పడమంటే చిల్లు కుండలో నీళ్ళు పొయ్యడమని ఆమె ఉద్దేశం.

ఇక పరీక్ష ముందురోజు మధ్యాహ్నం వెనక వరస దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరి నుదుటి మీదా చెయ్యి పెట్టేది.

"అయ్యో, ఒళ్ళు కాలిపోతోంది కదరా! రేపు బడికి రాకు. ఇంట్లో పడుకో" అనేది.

జబ్బు చేసి రాని పిల్లలు సగటు లెక్కలోకి రారు. అదీ కిటుకు. కొందరు తల్లులకి సంగతి తెలుసు. తెలిసి ఏం చేస్తారు? పిల్లాడు రేపు మళ్ళీ ఆ టీచరు ముందే కూర్చోవాలి. హెడ్మాస్టరు గారు మాత్రం ఏమీ ఎరగని మనిషి. "అంతా మీరే చూసుకోవాలమ్మా" అని కళ్ళజోడు తుడుచుకునేవారు.

ఈ ముచ్చట టీచరమ్మ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పి నవ్వించేది. "చెయ్యి పెట్టగానే ఒకడికి నిజంగానే నీరసం వచ్చేసిందే!" అంటే మరదలు పొట్ట పట్టుకుని నవ్వేది. మంచం మీంచి తమ్ముడు కూడా నవ్వేవాడు. లారీ మీంచి పడి నడుం విరిగిన దగ్గర్నుంచి అతనికి మంచమే లోకం. మరదలికి అతని పనితోనే సరిపోయేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది టీచరమ్మ జీతంతోనే. అదేమో కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఏడాదీ చివర్లో ఉంచుతారో పొమ్మంటారో తెలియక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతకడమే. ఈ ఏడు సగటు పెరిగితే పర్మనెంటు చేయిస్తానని హెడ్మాస్టరు గారు మాటిచ్చారు.

సరిగ్గా ఈ ఏడే ఆమె మేనకోడలు మూడో తరగతిలోకి వచ్చింది.

ఇంట్లో అత్తా, బడిలో టీచర్ అని పిలవాలని ఆ పిల్లకి నేర్పారు. మొద్దు పిల్ల కాదు, నిదానం పిల్ల. ఏదైనా అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తుంది, పెదవి కొరుకుతుంది, అడిగినవాళ్ళు విసుగెత్తి పక్కవాళ్ళని అడిగేశాక అప్పుడు చెబుతుంది. చెప్పింది సరిగ్గానే ఉంటుంది. కానీ పరీక్షలో గడియారం ఎవరి కోసమూ ఆగదు కదా. టీచరమ్మ ఆ పిల్లని వెనక వరసలోనే కూర్చోబెట్టింది.

పిల్లకి మాత్రం ఆ పరీక్ష రాయాలని ఒకటే ఆశ. మొగుడికి ఒళ్ళు తుడుస్తూనే తల్లి ఎక్కాలు అప్పజెప్పించుకునేది. "దీనికి మాత్రం జ్వరం రానివ్వకు వదినా" అంది ఒకరోజు, సగం నవ్వుతూ.

"చూద్దాంలే" అంది టీచరమ్మ.

ఆ మధ్యాహ్నం రానే వచ్చింది. వెనక వరసలో అందరికీ జ్వరాలు పంచి, చివర మేనకోడలి ముందు నిలబడింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. జాలి అనుకునేరు. సగం పేపరు వదిలేసే ఒక్క పిల్ల సగటుని ఎంత కిందికి లాగుతుందో మనసులో కూడుకుంటోంది. కూడిక అయ్యాక చెయ్యి పెట్టింది.

"నాకేం లేదత్తా" అంది పిల్ల.

"టీచర్ అనాలి. లోపలుంది జ్వరం, నీకు తెలీదు."

పిల్ల నమ్మింది. అత్తకి తెలియనిదేముంది? ఇంటికెళ్ళి తనే దుప్పటి కప్పుకుని మూలుగుతూ పడుకుంది. తల్లి ఒళ్ళు పట్టి చూసింది, చల్లగా ఉంది. వదిన వంక చూసింది.

"పర్మనెంటయితే మనందరికీ మంచిదేగా" అంది వదిన.

తల్లి దుప్పటి సర్ది, పిల్లకి మంచినీళ్ళు తాగించింది. ఆడుతూ తిరగాల్సిన పిల్ల మర్నాడంతా మంచం దిగలేదు.

సగటు పెరిగింది. హెడ్మాస్టరు గారు మిఠాయి కూడా తెప్పించారు. అది గొంతు దిగకముందే తనిఖీకి ఒక అధికారి వచ్చింది. ఏటా ఈ బడిలో పరీక్ష రోజునే ఇన్ని జ్వరాలేమిటని పైవాళ్ళకి అనుమానం వచ్చిందట. జబ్బని రాని పిల్లల్లో ఒకరిని పిలిచి మాట్లాడతానంది. పేర్లు చూసి వేలు పెట్టింది. ఆ వేలు మేనకోడలి పేరు మీదే పడింది. తల్లిని కూడా పిలిపించి వరండాలో కూర్చోబెట్టారు.

"పరీక్షకి రాలేదేం తల్లీ?" అని అడిగింది అధికారి మెత్తగా.

"జ్వరం వచ్చిందండి."

"ఎప్పుడు తగ్గింది?"

పిల్ల ఆలోచించింది. "అసలు నాకు తెలీలేదండి. మా అత్త చెయ్యి పెడితే వస్తుంది. వెనక కూర్చున్న వాళ్ళందరికీ వస్తుంది. ముందువాళ్ళకి రాదు." అత్త గొప్పతనం చెబుతున్నానన్న సంబరం ఆ మొహంలో కనబడుతోంది.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీశారు. టీచరమ్మ మనసులో ఈసారి తీసివేతలు మొదలయ్యాయి. ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, తమ్ముడి మందులు పోతాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు.

"ఆ పిల్ల కాస్త తేడా మేడమ్" అంది. "మా తమ్ముడి కూతురే. ఇంటి గుట్టని ఇన్నాళ్ళూ దాచుకున్నాం. బుర్ర ఎదగలేదు. నోటికొచ్చింది కల్పించి చెబుతుంది."

అధికారి ఆమెని నమ్మలేదు. పిల్లనే చూస్తూ, "యాభైలోంచి పద్దెనిమిది తీసేస్తే ఎంతమ్మా?" అంది.

పిల్ల కిటికీలోంచి చూసింది. పెదవి కొరికింది. జవాబు వస్తోందని ఆ గదిలో టీచరమ్మ ఒక్కదానికే తెలుసు. ఇంకో రెండు క్షణాలాగితే వచ్చేస్తుంది.

"చూశారుగా మేడమ్" అంది టీచరమ్మ గట్టిగా. పిల్ల ఉలిక్కిపడి నోరు మూసేసింది.

తల్లిని లోపలికి పిలిచారు.

"పిల్లకి బుర్ర ఎదగలేదంటున్నారు, ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా? ఇలాంటి పిల్లల్ని ఇక్కడ ఉంచకూడదు. వాళ్ళకి వేరే బడి ఉంది. మీరు ఊ అంటే రాసేస్తాను. కాదంటే అసలు ఇక్కడ జరిగిందేమిటో చూడాల్సి వస్తుంది" అంది అధికారి.

తల్లి వదిన మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆమెకి పొయ్యీ, మంచం మీది మొగుడూ, వచ్చే నెలా కనబడ్డాయి.  

"అవునండి. పుట్టినప్పట్నుంచీ ఇంతే. రాయండి."

పిల్ల తల్లి చెంగు పట్టుకుంది.

"ఆ బడిలో పరీక్ష పెడతారామ్మా?"

 టీచరమ్మే చెప్పింది, "పెట్టరు. అక్కడ పరీక్షలుండవు."

"మరి నాకు వచ్చని మీకెలా తెలుస్తుంది?"

 హెడ్మాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని, మేడమ్ గారికి టీ తెప్పించమన్నారు.