ఎడమచేతి విత్తువాడు

రిబ్కమ్మ ఎడమచేతి మనిషి. లక్సెట్టిపేట పక్కన, కాలువ కింది ఆ చిన్న ఊళ్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. చిన్నప్పుడు అన్నానికి కూర్చుంటే తల్లి ఆ చేతిని కొంగుతో నడుముకు కట్టేసేది. పెళ్లయి వచ్చాక, ఆ చేత్తో వడ్డించిన కూరను అత్త కోళ్లకు పారబోసింది. నాట్లకు పోతే వరుసలో ఆమె మోచేయి పక్కదాని మోచేతికి తగిలేది. ఆడవాళ్లు తిట్టి తిట్టి చివరకు ఆమెను వరుస కొసన నిలబెట్టారు. నాటు వేయనిచ్చారు గానీ విత్తనం మాత్రం ముట్టనివ్వలేదు. నారుమడిలో చల్లే మొలకవడ్లను అక్కడ తుకం అంటారు. ఎడమ చేత్తో చల్లిన తుకం మొలవదని అందరికీ గట్టి నమ్మకం.

ఆ నమ్మకాన్ని ఒక బొమ్మ మార్చింది.

చర్చిలో ఇనుప బీరువా ఒకటుంది. అందులో వెనకటి అమెరికా దొరసాని వదిలిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఉండేది. తోలు అట్టను పురుగులు తిన్నాయి. లోపల బొమ్మలున్న ప్రతి పేజీ మీదా పలచని కాగితం పొర. అప్పటి పాస్టరు దేవసహాయం అయ్యగారికి ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ బొమ్మలంటే ప్రాణం. ఆ కాలానికి రిబ్కమ్మ పడుచు. మగడు బొగ్గుబావి పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. చంకలో పిల్లవాడు, దున్నిన నారుమడి, నానిన వడ్లు. చల్లిపెట్టే మనిషి లేడు. చర్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అయ్యగారు ఆ పుస్తకం తెచ్చి ఆమె ముందు విప్పాడు.

వెంట్రుకవాసి గీతలతో చెక్కిన బొమ్మ అది. గీత మీద అడ్డగీత వేసి నీడలు కట్టాడు చెక్కినవాడు. దున్నిన చేను, గడ్డపు మనిషి, భుజానికి వేలాడే సంచి. తల వెనక పొద్దు పొడుస్తోంది. మనిషి ఎడమ చేయి చాపి గింజలు చల్లుతున్నాడు.

"సూడు బిడ్డా," అన్నాడు అయ్యగారు. "విత్తువాడే ఎడమ చేత్తోని సల్లుతుండు. ఇగ నీకు ఎవలు అడ్డం?"

ఆ ఆదివారం బొమ్మను సంఘమంతటికీ చూపించాడు. గడ్డం, తల వెనక వెలుగు చూసి అందరూ ప్రభువే అనుకున్నారు. రిబ్కమ్మ తన మడిని తనే చల్లుకుంది. ఆ ఏడు వానలు కూడా కలిసొచ్చాయి. తరువాత అది ఆనవాయితీ అయింది. మిరుగు, అంటే మృగశిర కార్తె, దాటాక వచ్చే మొదటి ఆదివారం సంఘం వాళ్లంతా ఆమె మడి ఒడ్డున చేరతారు. ప్రార్థన కాగానే మొదటి పిడికిలి రిబ్కమ్మ చల్లుతుంది. తరువాత ఆమె చేతి మీదుగా తలా పిడికెడు వడ్లు తీసుకుపోయి తమ తుకంలో కలుపుకుంటారు. చర్చికి రాని శంకరవ్వ లాంటి ఇరుగుపొరుగు రైతులు కూడా కొంగు పట్టుకుని వస్తారు. ఏడాది పొడవునా ఎవరూ పట్టించుకోని మనిషి కోసం ఆ ఒక్క పొద్దు ఊరంతా కాచుకుని ఉంటుంది. రిబ్కమ్మకు అంతకు మించి ఆస్తి లేదు.

ఆ ఆస్తిని పోగొట్టింది సొంత మనుమడు జోయల్.

జోయల్ డిగ్రీ మధ్యలో వదిలేసి మంచిర్యాలలో ఫ్లెక్సీలు తయారుచేసే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. దొరికిన కాగితమల్లా చదువుతాడు. చదివింది చెబితే వినేవాడు లేడని లోపల్లోపల ఉడుకుతుంటాడు. ఈ ఏడు విత్తనాల ఆదివారానికి పెద్ద ఫ్లెక్సీ కట్టాలని కమిటీ అనుకుంది. బీరువాలోని బొమ్మను ఫోటో తీసే పని వాడికి పడింది. ఆ వారమే ఒక సాయంత్రం ప్రార్థన ముగిశాక కమిటీ కూర్చుంది. రిబ్కమ్మ వెనక చాపలు చుట్టిపెడుతోంది.

"సారూ, గా బొమ్మ తిరగబడ్డది," అన్నాడు జోయల్.

కమిటీ పెద్ద సుధాకర్ సారు సర్కారు నౌకరీ చేసి దిగినవాడు. "బొమ్మ తిరగబడ్డదా, నీ తలకాయ తిరగబడ్డదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వుకు జోయల్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోను తీసి రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు.

"ఇగో, గిది లండన్ల అచ్చయిన అసలు పుస్తకం. గిండ్ల కుడి చెయ్యి. మనది అమెరికాల మళ్ల అచ్చేసుకున్నది. అక్షరాలంటే పేర్చుకుంటరు, బొమ్మను ఎట్ల తెస్తరు? ఒకడు కూసోని, లండన్ బొమ్మను సూసుకుంట రాగిరేకు మీద ఉన్నదున్నట్టు చెక్కిండు. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు ఎట్లుంటయి సారూ? ఉల్టా ఉంటయి గదా? వీడు ఉల్టా చెక్కలే. అచ్చేస్తే కుడి ఎడమయింది. ఇంకో ముచ్చట. గాయన ప్రభువు గాదు. ఇంగ్లండుల ఏ నెలల ఏం పని చేస్తరో పిల్లలకు చెప్పే పుస్తకం గిది. మార్చి నెల పేజీ. గాయన కూలోడు."

ఎవరూ నవ్వలేదు. జోయల్‌కు జీవితంలో మొదటిసారి ఒక గది నిండా మనుషులు నోరు మూసుకుని విన్నారు. ఆ సంబురంలో వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

సుధాకర్ సారు గొంతు సవరించుకున్నాడు. "అంటే గిన్నేండ్లు మనం ఒక కూలోన్ని సూసి పద్ధతి తప్పినమన్నమాట. రిబ్కమ్మా, ఈసారి కుడి చేత్తోని సల్లు. రాకుంటే ఫికర్ లేదు, మా కోడలు స్తుతి ఉన్నది. జోయలూ, ఫ్లెక్సీల బొమ్మను సక్కగ చెయ్యి."

రిబ్కమ్మ చాప అక్కడే పడేసి ఇంటికి వచ్చింది. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎటు పోవాలో తోచలేదు. పొయ్యి మీద అన్నం మాడింది. వాసన వచ్చాక గానీ తెలియలేదు. జోయల్ గడపలో కనిపించగానే చేయి చాపింది.

"చూపియ్."

వాడు ఫోను ఇచ్చాడు. ఆమె కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. లండన్ బొమ్మలో సంచి అవతలి భుజానికి ఉంది. మనిషి అదే మనిషి. చేయి కుడి చేయి.

"నిజమే గదరా," అంది.

"నేను నిన్ను అనలే బాపమ్మా. బొమ్మ సంగతే చెప్పిన."

"నా తాన చెప్పకపోయినవా ముందుగాల? గా సుధాకర్ మెచ్చుకోవాల్నా నిన్ను? మెచ్చుకున్నడా? చాయ తాపిండా?"

జోయల్ ఫోను కోసం చేయి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"పేరేంది ఆయనది?"

"ఎవలది?"

"గా కూలోనిది."

"రాయలే. చెక్కినోని పేరే ఉన్నది, కింద మూలకు."

"గట్లనే ఉంటది," అని ఫోను వాడి ఒళ్లో పడేసింది.

ఆదివారం వరకూ ఆమెకు కాలు నిలవలేదు. వాకిట్లో ఇసుక పోసుకుని కుడి చేత్తో చల్లి చూసింది. పిడికిలి ఒక్కసారే విచ్చుకుని ఇసుక కుప్పగా పడింది. చీపురుతో చెరిపి మళ్లీ చల్లింది. మళ్లీ కుప్పే. దడి అవతల నుంచి శంకరవ్వ చూసింది.

"ఏందక్కా, కోళ్లకు ఇసుక తినవెడుతున్నవా?"

"కుడి చెయ్యి నేర్సుకుంటున్ననే."

"గీ వయసులనా? ఇగ కొత్త మొగన్ని గూడ చేసుకో, ఒక పనైతది."

వేరే రోజైతే రిబ్కమ్మ నవ్వేది. అయితే ఆమెను తొలుస్తున్నది ఇసుక కుప్పలు కాదు. ఇన్నేళ్లూ పిడికిలి ఎత్తిన ప్రతిసారీ ఆ గడ్డపాయన తన వెనక నిలబడ్డాడని అనుకుంది. ఇప్పుడు వెనక ఎవరూ లేరు. అత్త కూర పారబోసిన నాటి చేయే ఇది. మొలిచిన పంటంతా వాన చలవేనేమో. ఒకవేళ ఈసారి మొలవకపోతే? ఊరి తుకమంతా తన చేతి వల్లే పాడయిందంటే?

ఆదివారం మడి ఒడ్డున రెండు వెదురు బొంగులకు ఫ్లెక్సీ కట్టారు. అందులో గడ్డపు కూలివాడు కుడి చేత్తో చల్లుతున్నాడు. కింద సుధాకర్ సారు ఫోటో అంతకంటే పెద్దగా ఉంది. స్తుతి కొత్త చీర కుచ్చిళ్లు పట్టుకుని బురద వైపు భయంగా చూస్తోంది. ప్రార్థన అయింది.

రిబ్కమ్మ మొలకవడ్ల గంప చంకన పెట్టుకుని మడిలోకి దిగింది.

"కుడి చెయ్యి, రిబ్కమ్మా," అన్నాడు సుధాకర్ సారు ఒడ్డు మీద నుంచి.

ఆమె కుడి చేత్తోనే పిడికెడు తీసుకుంది. మొలకలు వేళ్ల సందున మెత్తగా తగిలాయి. ఎత్తింది. వాకిట్లో పడిన కుప్పలు గుర్తొచ్చాయి. చేయి దింపి వడ్లను ఎడమ అరచేతిలోకి మార్చుకుంది.

"నాతోని గాదు సారూ."

"గాకుంటే పక్కకు జరుగు."

"జరగ. మడి నాది."

"బొమ్మ తప్పని తేలిపాయె. ఇగ దేన్ని నమ్ముకోని సల్లుతవు?"

అందరూ ఆమె వైపే చూశారు. రిబ్కమ్మ ఫ్లెక్సీ వైపు చూసింది గానీ అక్కడ ఆమెకు జవాబు అందించేవాడు లేడు.

"ఏమో సారూ. మొలుస్తదో లేదో నాకు గూడ తెల్వది," అంది. ఎడమ చేయి చాపి విసిరింది. వడ్లు పలచగా, జల్లులా నీటి మీద పరుచుకున్నాయి.

ఒడ్డు మీద గుసగుసలు లేచాయి. సుధాకర్ సారు తువ్వాలు దులుపుకుని నడిచాడు. ఆయన వెనక కొన్ని కుటుంబాలు కదిలాయి. ఏళ్ల తరబడి ఆమె చేతి వడ్లు తీసుకుపోయిన వాళ్లే ఈసారి ఖాళీ కొంగులతో పోయారు. శంకరవ్వ మాత్రం ముందుకొచ్చి కొంగు పట్టింది. "జర జల్ది ఇయ్యక్కా, నా తుకం ఎండుతది." ఆమె వెనక ఇంకొందరు, చుట్టూ చూసుకుంటూ, నిలబడ్డారు.

జోయల్ చెప్పులు విడిచి మడిలోకి దిగాడు.

"బాపమ్మా..."

"మాట్లాడకు. గంప పట్టు. గటు గాదురా, కుడి దిక్కు. నా చెయ్యి ఆడాలె గదా."

వాడు గంప పట్టుకుని అటు మారాడు. రిబ్కమ్మ వాడి మొహం చూడలేదు. ఒడ్డు మీద ఎవరు మిగిలారో కూడా చూడలేదు. ఒక్కో పిడికిలి విసిరి, పడిన చోటు వంగి చూసుకుంటూ, ఇంకా సగం మిగిలిన మడిలోకి నడిచింది.