కొసరు గంటలు

మాది కరీంనగర్‌లో కిరాణా దుకాణం. కిలో పప్పు తూచాక పైన ఇంకో చారెడు వేయనిదే గిరాకీ మెట్టు దిగదు. అలా కొసరు అడగడం నాకు నడక కంటే ముందే వచ్చి ఉంటుంది. విమానం నడపడం నేర్చుకోవడానికి అమెరికా వెళ్లినా ఆ గుణం పోలేదు.

అక్కడ శ్రీరాంపూర్ గని కార్మికుని బిడ్డ నాకు జోడీ. విమానం కిరాయి చెరి సగం. ఒకరం బయటేమీ కనబడకుండా కళ్లకు అడ్డం పెట్టుకుని, ముందున్న మీటర్ల ముళ్లను మాత్రమే చూస్తూ నడపాలి. రెండోవాళ్లం పక్కన కూర్చుని ఆకాశం మీద కన్నేసి ఉండాలి. ఎగిరేది ఒక్క గంటే. అక్కడి రూలు ప్రకారం ఇద్దరమూ దాన్ని కెప్టెన్ గంటగా, అంటే విమానం బాధ్యత తనదే అయిన గంటగా, రాసుకోవచ్చు. ఇంత పెద్ద కొసరు మా బాపు కూడా ఎవరికీ వేయలేదు! ఒంటరిగా ఎగిరినవీ ఇవీ కలిపి నా పుస్తకంలో నూట ఇరవై కెప్టెన్ గంటలు చేరాయి. మన దేశపు లైసెన్సుకు నూరు చాలు. ఇరవై మిగుల్చుకొచ్చానని మురిసిపోయాను.

ఇక్కడ దరఖాస్తు పెట్టాక జవాబు వచ్చింది. పక్కన కూర్చున్న గంటలు లెక్కలోకి రావట. నావి అలాంటివి నలభై. అవి పోతే ఎనభై. నాలుగుసార్లు చదివినా ఎనభయ్యే. దుకాణంలో బాపుకు వినిపించాను.

"అంటే ఒక్క బస్తను ఇద్దరికి అమ్మిండ్రా బిడ్డా?"

"గట్ల కాదు బాపు, అక్కడ గది కరెక్టే."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ కాదు."

"కొసరు చిట్టిల ఎక్కదే. రోజు ఏస్త గదా, ఎన్నడన్న రాసిన్నా?"

శ్రీరాంపూర్‌కు ఫోన్ చేశాను. ఆమెకూ అదే జవాబు.

"ఏందే పిల్లా, గా రోజు ఎదురుంగ ఇంకో విమానం వస్తుందని నువ్వు ఒర్రకపోతే ఇద్దరం ఉండకపోదుము. గా గంట సుత లేదంటరా?" అంది.

"నాకు లేదు. నీకున్నది."

"నాకెట్లుంటది? కండ్లకు అడ్డం పెట్టుకుంటి, నేనేం చూసిన్నే!"

పెన్సిల్ తీసుకుని పుస్తకంలో గీతలు పెడుతూ కూర్చున్నాను. జోడీగా ఎగిరిన వాటిలో మబ్బులూ చెరువులూ కళ్లారా చూసిన గంటలన్నీ గీత కిందికి పోయాయి. ఏమీ కనబడకుండా ముళ్లతో కుస్తీ పట్టినవే మిగిలాయి. స్టీరింగు నా చేతిలో లేదు కదా అనుకుంటే రూలు సబబే అనిపిస్తుంది. ఆ రోజు నేను అరిచిన అరుపు గుర్తొస్తే కాదనిపిస్తుంది. ఇప్పటికీ తేల్చుకోలేను.

తక్కువైన ఇరవై గంటలు ఇక్కడే ఎగిరి పూరించుకోవచ్చన్నారు. శిక్షణ స్కూలుకు ఫోన్ చేశాను.

"ఒక్కరే ఎగురుతారా మేడం, తోడు ఎవరైనా ఉంటారా?"

"ఒక్కదాన్నే," అన్నాను గట్టిగా.

పప్పు తూస్తున్న బాపు తల తిప్పకుండానే అన్నాడు: "ఇరవై గంటలకు కొసరేమన్న ఏస్తడా, జర అడుగు బిడ్డా."

ఫోన్ చేత్తో మూసి, అడగాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాను.