గంధపు దండ తీసిన రోజు

1986లో నాచారం పారిశ్రామికవాడ పక్కన ఒక చిన్న దవాఖానాలో నర్సుగా ఉండేదాన్ని. డ్యూటీ దిగాక రామంతాపూర్ దాకా వెళ్లి ఇళ్లలో ఇంజెక్షన్లు వేసేదాన్ని. అలా సరళ ఇంటికి నెల రోజులు వెళ్లాను.

సరళ ఉప్పల్‌లో స్కూలు టీచరు. కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆమె, వాళ్ల అమ్మమ్మ, అంతే. సరళ చిక్కి సగమైంది. కఫం పరీక్షలో ఏమీ తేలకపోయినా, టీబీ అనుమానంతో ఒక డాక్టరు స్ట్రెప్టోమైసిన్ రాశారు, అంటే రోజుకో సూది. టీబీ మాట చెవిన పడగానే స్కూలువాళ్లు రావద్దన్నారు. పిల్లలకు పాఠం చెప్పకపోతే తోచని మనిషి, తన కంచం వేరుగా పెట్టుకుని గదిలో కూర్చుంది. ఇద్దరి తిండి తింటోంది, ఒంటికి పట్టడం లేదని అమ్మమ్మ రోజూ చెప్పేది. టీబీ వస్తే ఆకలి చచ్చిపోతుందని చదువుకున్నదాన్నే నేను. విని, సూది వేసి, బస్సుకు టైమైందని పరుగెత్తేదాన్ని. నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో!

ఒక ఆదివారం పెద్దావిడ గోడ మీది నూనె రంగుల పటం తుడుస్తోంది. అది ఈ పెద్దావిడకు అమ్మమ్మ అయ్యే ఆవిడ బొమ్మ, వందేళ్ల నాటిది. వేసింది ఆ అమ్మమ్మ సొంత చెల్లెలే, ఎవరో దొరసాని దగ్గర నేర్చుకుందట. తుడవడానికని గంధపు దండ తీసి నా చేతికిచ్చింది. అప్పుడు కనిపించింది బొమ్మలోని మెడ. ముందు వైపు కోడిగుడ్డంత ఉబ్బు.

"మామ్మగారూ, గొంతు కాడ గీ వాపేంది?" అని అడిగాను.

"అదా! నగ వేసి కప్పెయ్యమని ఇంటిల్లిపాదీ పోరారట. మా అక్క ఇలాగే ఉంది, ఇలాగే వేస్తానందట ఆ మహాతల్లి. అందుకే మేం దండ మెడకి అడ్డంగా వచ్చేలా కడతాం."

బొమ్మలో ఉన్నావిడ గుండెదడతో చిన్న వయసులోనే పోయిందని కూడా చెప్పింది. బొమ్మ కళ్లు చూశాను, తిరిగి సరళ కళ్లు చూశాను. ఇద్దరివీ ముందుకు పొడుచుకొచ్చిన గుడ్లే. మా వంశం కళ్లని అమ్మమ్మ మురిసిపోయే కళ్లు.

సరళను కూర్చోబెట్టి నీళ్లు మింగమన్నాను. గుటకతో పాటు గొంతులో చిన్న ఉబ్బు పైకి లేచి దిగింది. పల్స్, అంటే నాడి, నూట ఇరవై కొడుతోంది.

"ఇయ్యాల సూది వద్దమ్మా. రేపు మా దవాఖాన డాక్టరమ్మ కాడికి పోదాం, జర నా మాటిను" అన్నాను.

డాక్టరు రాసింది కాదనడం నర్సు పని కాదు. తప్పైతే నా ఉద్యోగానికే ఎసరు. కానీ మా డాక్టరమ్మ కసరలేదు. ఎక్స్-రే తీయించింది, థైరాయిడ్, అంటే గొంతులోని గ్రంథి ఎలా పనిచేస్తోందో చూసే రక్తపరీక్షకు పంపింది. టీబీ కాదు, ఆ గ్రంథి అతిగా పనిచేస్తోందని, ఆ ఆకలి, చిక్కిపోవడం, గుడ్లు పొడుచుకురావడం అన్నీ దానివల్లేనని తేలింది. సూదులు ఆగి మాత్రలు మొదలయ్యాయి. మూడు నెలలకు సరళ మళ్లీ స్కూలుకు వెళ్లింది.

ఆ రోజు అమ్మమ్మ నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఆగలేదు. దండం పెట్టాల్సింది నాకు కాదు, ఆ బొమ్మ వేసినావిడకని, ఆమె పటం ఉంటే చూపించమని అడిగాను.

"లేదమ్మా. ఆవిడ బొమ్మ ఎవరూ వెయ్యలేదు. పేరు కూడా మర్చిపోయాం" అంది పెద్దావిడ.

పేరు తెలియని ఆ తల్లికి నేను పెట్టగలిగిన దండం ఒక్కటే. రిటైరయ్యేదాకా, సూది చేతిలోకి తీసుకునే ముందు కాసేపు ఎదురుగా కూర్చుని మనిషి మొహం, మెడ, చేతులు చూశాను, ఆవిడ తన అక్కను చూసినట్టు.