నేను విప్పిన కార్బొరేటర్

భీవండిలో పవర్‌లూమ్‌లు మూతపడి, కరోనా ఏడాది నేను కోస్గికి తిరిగి వచ్చేసరికి నా మోటార్‌సైకిల్ రెండేళ్లుగా ఇంటి ముందు రేకుల కింద కదలకుండా ఉంది. పోయేటప్పుడు ట్యాంకులో పెట్రోలు తీసేయాలన్న జ్ఞానం నాకు లేదు. మా నాయిన, మేం బాపు అంటాం, దాని మీద పాత చీర కప్పి ఉంచాడు, అంతే. కిక్కు కొట్టీ కొట్టీ నా మడమ వాచింది కానీ బండిలో చప్పుడు లేదు.

బస్టాండు దారిలో ఉన్న మెకానిక్ దగ్గరికి నెట్టుకుంటూ పోయాను. నాకంటే ఐదారేళ్లు చిన్నవాడు. వాళ్ల నాయిన ఒకప్పుడు మా సాలెల వీధిలో మట్టిపనికి కూలికి వచ్చేవాడు. కొడుకు హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చి సొంతంగా దుకాణం పెట్టుకున్నాడు. అతను కార్బొరేటర్ విప్పి, కింది కప్పు తీసి నా ముందు పెట్టాడు. అడుగున పచ్చటి జిగురు గడ్డకట్టి ఉంది. ఆ వాసనకు కళ్లు మండాయి.

"రెండేండ్లు పెట్రోలు గట్లనే ఉంచితె గిట్లనే అయితదన్నా. జెట్టు మొత్తం మూస్కపోయింది" అన్నాడు.

జెట్టు అంటే సూదిమొనంత రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి ముక్క. దాన్ని పెట్రోలులో నానబెట్టి, కరెంటు వైరులోంచి లాగిన సన్నటి రాగి తీగతో పొడిచి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. మళ్లీ నానబెట్టాడు. మధ్యాహ్నం దాకా అదే పని. నేను పక్కనే కూర్చుని ప్రతి ముక్కా ఎక్కడ నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చూశాను. బండి స్టార్టయింది.

"నాలుగు దినాలు జర ఆగి ఆగి నడుస్తదన్నా, తర్వాత మంచిగైతది. నువ్వైతే ఇప్పకు. ఏమన్న ఉంటె నా తానకు తే" అన్నాడు.

నేను ఆ సాయంత్రమే విప్పాను. చప్పుడు వణికినట్టు ఉంటే, చూసిన పనే కదా అనుకున్నాను. కార్బొరేటర్ పైమూత తిప్పి లోపలి పిస్టన్ బయటికి లాగాను. యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి, వదిలితే కిందికి దిగే గొట్టం అది. బాపు మగ్గం కింద పడి ఉన్న చిక్కు నూలు తెచ్చి తళతళలాడేలా తుడిచి, మళ్లీ పెట్టేశాను. చప్పుడు సాఫీ అయింది. నేనే బాగుచేశానని నా భార్యతో చెప్పుకున్నాను కూడా.

మూడో రోజు పొద్దున బాపును కండ్ల దవాఖానలో చూపించడానికి మహబూబ్‌నగర్ బయలుదేరాను. దారిలో ఒక దిగుడు దగ్గర మలుపుంది. అక్కడ యాక్సిలరేటర్ వదిలాను. బండి తగ్గలేదు, ఇంకా గట్టిగా అరుచుకుంటూ దూకింది. తాళం తిప్పితే ఆగిపోయేది. ఆ సంగతి తట్టలేదు. బ్రేకు తొక్కాను, బండి పక్కకు జారి, వాగునీళ్లు పోయే మోరీ గోడకు కొట్టుకుంది. నేను కంపలో పడ్డాను. బాపు మోరీ కింద రాళ్ల మీద పడ్డాడు. నేను దిగి పోయేసరికి ఆయన అరవడం లేదు.

"నా కాలు ఏడుందిరా?" అని అడిగాడు.

కాలు ఆయన కిందే మడతపడి ఉంది. తొడ ఎముక ధోవతిని చీల్చుకుని బయటికి వచ్చింది.

మా బాపు నలభై ఏళ్లు గుంట మగ్గంలో కూర్చుని రెండు కాళ్లతో చెక్కలు తొక్కి చీరలు నేసిన మనిషి. తొడలో రాడ్డు వేయాలని, మళ్లీ తొక్కుడు పని కుదరదని మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు చెప్పినప్పుడు నా పక్కన నా బామ్మర్ది ఉన్నాడు, నా భార్య తమ్ముడు. అప్పుడే ఊరి నుంచి పరుగున వచ్చాడు.

"గా మెకానిక్ సాఫ్ చేసిన బండేనా బావా?" అన్నాడు.

తర్వాత నేనూ విప్పానన్న మాట గొంతు దాకా వచ్చింది. "ఔ" అని మాత్రమే అన్నాను.

ఇద్దరం బామ్మర్ది బండి మీద కోస్గికి వచ్చాం. దుకాణం ముందు దిగేసరికి మెకానిక్ నేల మీద కూర్చుని ఎవరిదో ఇంజను విప్పుతున్నాడు. నా అంగీ మీది నెత్తురు చూసి లేచాడు. "ఏమైందన్నా?" అన్నాడు. ఆ అడగడంలో నిజంగా కంగారు ఉంది. నేను చెంప మీద కొట్టాను. పడిపోలేదు. "ఏమైందో చెప్పన్నా" అంటూ నా చేతులు పట్టుకున్నాడు. వెనక నుంచి బామ్మర్ది అతని నడుము మీద తన్నాడు. ఈసారి బోర్లా పడ్డాడు. పెట్రోలు డబ్బా ఒరిగి అతని అంగీ అంతా తడిసింది.

టైర్లు విప్పే ఇనుపకడ్డీ నా కాలికి తగిలింది. తీసుకున్నాను. మొదటి దెబ్బ భుజం మీద వేశాను. తల కాపాడుకోవడానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే కొట్టాను. ఎన్ని దెబ్బలో నాకు తెలియదు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. ఆ తర్వాత కూడా కొట్టాను, దాన్నే ఇవాళ్టికీ నాలో నేను దాటలేకపోతున్నాను. అతను దెబ్బ దెబ్బకూ "నేనేం చేసిన్నన్నా" అంటున్నాడు. బామ్మర్ది నోట్లో బీడీ వెలుగుతోంది, వాడు పెట్రోలుతో తడిసిన ఆ మనిషి మీదికి వంగి తిడుతున్నాడు. పక్క దుకాణంలో రొట్టెలు చేసే ముసలామె వచ్చి వాడి మూతి మీద ఒక్కటి చరిచింది. బీడీ రోడ్డు మీద పడింది. ఆమె రాకపోతే ఆ రోజు ఒక మనిషి కాలిపోయేవాడు. అతను పెద్దింటి కొడుకైతే నేను చెయ్యెత్తేవాణ్ణే కాదని కూడా నాకు తెలుసు.

మమ్మల్ని పోలీసులు తీసుకుపోయారు. మోరీ దగ్గర పడి ఉన్న నా బండిని కూడా స్టేషనుకు తెచ్చి ఆవరణలో పడేశారు. కొన్నాళ్లకు బెయిలు మీద బయటికి వచ్చాం. కేసు కోర్టులో నడుస్తూ ఉంది. పెద్దమనుషులు రాజీకి పిలిస్తే మెకానిక్ రాలేదు. "మేమసలు కొట్టలేదు, వాడే జారిపడ్డడని చెప్దాం" అన్నాడు బామ్మర్ది. సరేనన్నాను.

రెండేళ్ల తర్వాత బండిని ఇంటికి తీసుకుపొమ్మని కోర్టు కాగితం ఇచ్చింది. ఎండకు, వానకు సీటు చిరిగింది, గొలుసు తుప్పుపట్టింది. కోస్గిలో ఏ మెకానిక్కూ దాన్ని ముట్టలేదు. "నీ బండి మాకొద్దు, తీస్కపో" అన్నారు. ఇంటికి తెచ్చి నేనే విప్పాను. మళ్లీ అదే పచ్చటి జిగురు. పైమూత తిప్పి పిస్టన్ లాగితే రాలేదు. కొట్టి, నానబెట్టి, బలంగా తిప్పి లాగాను. పిస్టన్ కిందికి దిగకుండా, గోడకూ దానికీ మధ్య నలిగి అంటుకుని ఉంది ఒక ఎర్ర పోగు, బెత్తెడు పొడుగు. ఆ రోజుల్లో బాపు ఎర్ర అంచు చీర నేస్తున్నాడు.

సుత్తి తీసుకుని కార్బొరేటర్‌ను కొట్టాను. బండ మీద అది రెండుగా పగిలింది. బాపు ఆ చప్పుడుకు కట్టె పట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన అప్పటికి కట్టె లేనిదే నడవలేడు, కూర్చుని నూలు కండెలు చుట్టడం ఒక్కటే చేయగలిగేవాడు. పోగు చూపించి అంతా చెప్పాను.

"గా దినం దవాఖానల నీకెరికేనా?" అన్నాడు.

"అనుమానం ఉండె బాపు."

పుట్టిన కాడి నుంచి నన్ను కొట్టని మనిషి. కట్టె ఎత్తి నా మెడ మీద కొట్టాడు. రెండో దెబ్బకు ఆయనే తూలి పడ్డాడు. లేపబోతే నా చెయ్యి నెట్టేశాడు. "పోయి వానికి చెప్పు. చెప్పకుండ ఇంట్లకు రాకు" అన్నాడు నేల మీద నుంచే.

నేను పోయేసరికి మెకానిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, అతని భార్య పానా పట్టుకుని నట్టు తిప్పుతోంది. అతని కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. ఏది ఎటు తిప్పాలో చెబుతుంటే ఆమె చేస్తోంది. నేను నిలబడి చెప్పాను. తప్పు నాదని, ఆ రోజు కూడా నాకు అనుమానం ఉందని. ఆమె లేచి గోడకు వేలాడుతున్న పాత ట్యూబు తీసి నా ముఖం మీద, వీపు మీద కొట్టింది. చేతులు అడ్డం పెట్టలేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఊపిరి అందక ఆగింది, మళ్లీ కొట్టింది.

"ఇగ చాలు" అన్నాడు అతను చివరికి. నా వైపు తిరిగి, "జడ్జి ముంగట చెప్తవా?" అని అడిగాడు.

"చెప్త."

"మీ బామ్మర్ది సంగతి?"

"అది గూడ."

"చెప్పు. చెప్పి ఇగ ఇటు దిక్కు రాకు."

కోర్టులో నిజం చెప్తానని వాయిదాకు ముందు బామ్మర్దికి చెప్పాను. వాడు నమ్మలేదు, నమ్మాక నా నోటి మీద గుద్దాడు. ముందరి పళ్లు రెండు ఊడాయి. గడపలో నిలబడి నా భార్య చూసింది, ఆపలేదు. కోర్టులో నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకు ఏడాది, వాడికి ఆరు నెలలు పడింది.

జైలు నుంచి వచ్చాక తుక్కువాడికి బండి ఇచ్చేశాను. ఇప్పుడు నేను బాపు మగ్గంలో కూర్చుంటున్నాను, ఆయన పక్కన కండెలు చుడతాడు. మాట్లాడతాడు, కానీ తక్కువ. బామ్మర్ది మా ఇంటికి రాడు. నా భార్య పుట్టింటికి ఒక్కతే పోయి వస్తుంది. జైలు నుంచి వచ్చిన వారానికి నాకు అన్నం పెడుతూ ఆమె అంది, "మా తమ్మున్ని జైల్ల ఏసి నువ్వు మంచోనివైనవు." కోపంగా అనలేదు. కూర వేసి, నీళ్లు పెట్టి లోపలికి పోయింది. నేను తినడం మొదలుపెట్టాను.