ఏడో అంతస్తుకు రాని వర్క్ ఆర్డర్

ఆ మీటింగ్‌లో నన్ను అడిగింది ఒకే ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో ఏమైనా తేడా ఉందా అని. ఉందనీ, అది నేను పెట్టినదేననీ అప్పటికే నాకు తెలుసు. చెప్పలేదు. "సిస్టమ్ బానే ఉందండి" అన్నాను. ఆ మాట పట్టుకుని ఒక టెక్నీషియన్‌ను ఆ టవర్ నుంచి పంపేశారు.

నానక్‌రామ్‌గూడలో ఆఫీసు టవర్ల నిర్వహణ చూసే కంపెనీ మాది. ఏ యంత్రానికి ఎప్పుడు సర్వీసు చేయాలో సాఫ్ట్‌వేర్‌లో పెట్టేది నేను. గడువు రాగానే అది తనంతట తానే వర్క్ ఆర్డర్ తయారుచేసి టెక్నీషియన్ ఫోన్‌కి పంపుతుంది. అతను పని చేసి, ఫొటో తీసి, క్లోజ్ కొడతాడు. చెప్పడానికి ఇంతే. కానీ మనుషులు తక్కువ, యంత్రాలు ఎక్కువ. పాత ఆర్డర్ పూర్తికాకముందే కొత్తది వచ్చి పడేది. టవర్‌ను అద్దెకు తీసుకున్న కంపెనీ వాళ్ల స్క్రీన్ మీద పెండింగ్ పనులన్నీ ఎర్రగా కనిపించేవి. పొద్దున్నే వాళ్ల ఫోన్. నేనింకా షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని ఉండగానే మా మేనేజర్ ఫోన్. ఆ ఎరుపు తగ్గించమని.

తగ్గించాను. ఒక యంత్రం పాత ఆర్డర్ క్లోజ్ అయ్యేదాకా దానికి కొత్త ఆర్డర్ పుట్టకూడదని ఒక నియమం పెట్టాను. ఒక టిక్కు, అంతే. ఎరుపు సగానికి పైగా పోయింది. మేనేజర్ భుజం తట్టాడు. నేను కూడా ఆ వారం కాస్త ప్రశాంతంగా అన్నం తిన్నాను.

ఆ టెక్నీషియన్ నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. అతని భార్య అదే టవర్‌లో హౌస్‌కీపింగ్. శేరిలింగంపల్లి నుంచి ఇద్దరూ ఒకే బండి మీద వచ్చి, ఒకే షిఫ్టు చేసి, ఒకే బండి మీద వెళ్లేవాళ్లు. అతనికి ఒక అలవాటు ఉంది. పని నిజంగా అయితేనే క్లోజ్ కొట్టేవాడు. ఏడో అంతస్తు సీలింగ్‌లో ఉండే, చల్లగాలి పంపే పెద్ద ఏసీ యంత్రం కింద నీళ్లు పట్టే ట్రే తుప్పు పట్టింది. కొత్త ట్రే కావాలని అడిగాడు. అది కొనుగోళ్ల విభాగంలో ఎక్కడో ఆగింది. ఆర్డర్‌ను 'సామాను రావాలి' అని పెట్టి వదిలేశాడు.

"మిగతావాళ్లలా క్లోజ్ కొట్టేయొచ్చుగా అన్నా" అన్నాను ఒకసారి, క్యాంటీన్‌లో.

"కాని పని అయిందని ఎట్ల కొడ్త సార్. రేపు అది కారితే ఫొటో జూపియ్యాల్నా?"

నవ్వుకున్నాం. సామాను కోసం ఆగిన ఆర్డర్ ఎర్రగా కనిపించదు. క్లోజ్ కాలేదు కాబట్టి కొత్త ఆర్డరూ పుట్టదు. ఆ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి నేను ఆలోచించలేదు. అబద్ధంగా క్లోజ్ కొట్టిన యంత్రాలకు ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. నిజం రాసిన ఆ ఒక్క యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ మరిచిపోయింది.

వానాకాలంలో ఒక సోమవారం పొద్దున ఏడో అంతస్తు సీలింగ్ నుంచి నీళ్లు. తుప్పు పట్టిన ఆ ట్రేనే కారింది. కంప్యూటర్లు తడిశాయి. మీటింగ్‌కి పిలిచేలోపు నేను స్క్రీన్ తెరిచి చూశాను. నెలలుగా ఆ యంత్రానికి ఒక్క కొత్త ఆర్డర్ కూడా లేదు. ఎందుకో వెంటనే అర్థమైంది.

మీటింగ్‌లో అతన్ని గోడ పక్కన నిలబెట్టారు. అడిగిన ట్రే రాలేదని, ఆ తర్వాత వర్క్ ఆర్డరే రాలేదని చెప్పాడు. అద్దెకున్న కంపెనీ అడ్మిన్ ఆఫీసర్ అందుకున్నాడు. "వర్క్ ఆర్డర్ రాలేదంటావేంటయ్యా. అన్నం తినాలన్నా నీ ఫోన్‌కి ఆర్డర్ రావాలా?"

ఒకరిద్దరు నవ్వారు.

"మొదట్ల తిరిగి చూస్తుంటిమి సార్. ఫోన్ల వచ్చిందే చెయ్యి, ఉత్తగ తిరగకు అని మీరే అంటిరి" అన్నాడతను. తర్వాత నా వైపు తిరిగాడు. "సార్‌ను అడుగుండ్రి. సార్‌కు ఎరుకే."

మేనేజర్ నన్ను అడిగాడు. మా కాంట్రాక్టు పొడిగింపు దగ్గర్లో ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ వద్దంటే నా ఉద్యోగం కూడా దానితోనే పోతుందనిపించింది. పైన రాసిన ఆ జవాబు అప్పుడిచ్చాను. అతను నన్ను కాసేపు చూసి, తల దించుకున్నాడు.

సీటుకు వచ్చి ఆ టిక్కు తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఏడో అంతస్తు ఆర్డర్ చక్కగా పుట్టి వేరొకరి ఫోన్‌కి వెళ్లింది. అతన్ని శంషాబాద్ వైపు ఇంకో సైటుకు వేశారు. అంత దూరం వెళ్లలేక మానేసి, ప్రగతి నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో తక్కువ జీతానికి కుదిరాడని విన్నాను.

భార్య మాత్రం మా దగ్గరే ఉంది. రోజూ ప్యాంట్రీ దగ్గర "నమస్తే సార్" అనేది. "ఇప్పుడు రెండు ఆటోలు మారాలె సార్, బండి ఆయన తీస్కపోతడు" అంది ఒకరోజు, కప్పులు కడుగుతూ, మాటవరసకు. నేను టీ తాగకుండానే వచ్చేశాను. తర్వాత టీ కోసం కింది అంతస్తుకు వెళ్లడం అలవాటు చేసుకున్నాను. లిఫ్టు కోసం నిలబడి నిలబడి అలసిపోయినా అదే నయమనిపించేది.

ఈ ఏడాది పక్క టవర్‌లో సెల్లార్ పంపు ఆగిపోయింది. దానికీ ఆర్డర్లు రాలేదు. కారణం అదే టిక్కు. నేను దాన్ని ఒక్క టవర్‌లోనే తీశాను. అంతకుముందే నా పాత సెట్టింగులకు నకలు తీసి పక్క టవర్‌కు వాడారు. నేను నోరు తెరవలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. అదే బల్ల చుట్టూ కూర్చుని కారణం వివరించాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి రాసుకుంటూ మామూలుగా అడిగింది.

"ఇదివరకు ఎక్కడైనా ఇలా జరిగిందాండీ?"

"జరిగింది" అన్నాను. మొత్తం చెప్పాను.

బయటికొచ్చాక మేనేజర్ గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడెందుకయ్యా తవ్వడం. ఎవరడిగారు నిన్ను?"

"ఆ అమ్మాయి అడిగిందండి."

ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు. ఆ రోజే మెయిల్ రాశాను, తప్పు టెక్నీషియన్‌ది కాదని, నాదని. షెడ్యూళ్ల పని నా నుంచి తీసేశారు. అది పెద్ద శిక్షేమీ కాదు.

ప్యాంట్రీకి వెళ్లి ఆమెకు చెప్పాను. నేల తుడిచే మాపు పిండుతూ విన్నది.

"గా నీళ్లు తుడిచింది నేనే సార్" అంది. మాపు బకెట్‌లో వేసి, "నాకు జెప్తే ఏమొస్తది. ఆయనకు జెప్పుండ్రి. ఆదివారం గూడ డ్యూటీలనే ఉంటడు."

ఆదివారం ప్రగతి నగర్ వెళ్లాను. సెల్లార్‌లో మోటారు విప్పి కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది.

"సార్, మీరా. ఏంది ఇట్లొస్తిరి. కిరాయికి ఫ్లాట్ చూస్తున్నరా?" అంటూ వాచ్‌మన్ కుర్చీ లాగి వేశాడు.

కూర్చోలేదు. టిక్కు గురించి చెప్పాను. మీటింగ్‌కి ముందే నాకు తెలుసని చెప్పాను. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు, అది పోయాక కూడా.

"నాకు డౌట్ ఉండె సార్" అన్నాడు చివరికి. "మా ఇంటామెనే అన్నది. సార్ గట్లాంటోడు కాదు, రోజు నమస్తే పెడ్తే మంచిగ పలుకుతడు అని."

చెప్పడానికి వచ్చిన మాట ఒక్కటే మిగిలింది.

"అన్నా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. తెలిసే కాదన్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."