పర్మిట్ ఒక్కడికే

పందొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ఏలూరు నుంచి కామవరపుకోట వెళ్ళే బస్సులో నా పక్కన నలభై ఏళ్ళాయన కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డ చుట్టిన తుపాకీ. అది చూసి నేను కాస్త జరిగాను.

"భయపడకండి, తూటాలు తీసేశానండీ," అన్నాడు. వణుకుతున్నది ఆయన గొంతే.

రిజర్వు అడవిలో చిరుతను కొట్టాడట. దెబ్బ కాలికి తగిలి అది పొదల్లోకి పారిపోయింది. వెతుకుదామంటే ఆ సాయంత్రంతోనే వేట పర్మిట్ గడువు తీరిందని ఫారెస్టు గార్డు బయటికి పంపేశాడు. ఇప్పుడు కొత్త పర్మిట్ తీసుకుని మళ్ళీ వెళుతున్నాడు.

"ఎవరినైనా తోడు తీసుకెళ్ళకూడదాండీ?" అన్నాను.

"పర్మిట్ నా ఒక్కడికేనండీ. తుపాకీతో ఇంకొకరు లోపలికి రాకూడదు. పోనీ ఊరుకుందామంటే, అక్కడ గొడ్లకాపరులు తిరుగుతారు. దెబ్బతిన్న చిరుత మనిషిని వదలదండీ."

అడవి మొదట్లో బస్సు ఆగింది. ఆయన లేచి, మళ్ళీ కూలబడ్డాడు.

"ఏవండీ, కాస్త నా చెయ్యి పట్టుకుంటారా?"

పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిసి ఉంది. కాసేపటికి నేనే ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాను. కండక్టరు కేకేశాక ఆయన చెయ్యి వదిలించుకుని దిగిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత తిరుగు ప్రయాణంలో ఆ కండక్టరునే ఆయన సంగతి అడిగాను.

"చిరుత చచ్చిందండీ. ఆయన్ని మంచం మీద మోసుకొస్తే మన బస్సులోనే ఏలూరు ఆసుపత్రికి చేర్చాం. బతికాడో లేదో తెలీదండీ. కాపరులంతా బాగున్నారా అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు."

అడవి దాటేదాకా నేను కిటికీలోంచి చూడలేకపోయాను. గొడ్లను అదిలిస్తున్న కేకలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.